కంచె పని గుత్తకు పట్టాలంటే: టేపు, నోటుబుక్కు, ఆ తర్వాతే గడ్డపార

"అన్నా, మూడెకరాలకు కంచె వేస్తే ఎంతవుతుంది?"

ఈ పనిలో ఫోన్ ఎప్పుడూ ఇలాగే మోగుతుంది. అప్పటికప్పుడు ఒక అంకె చెప్పేశారంటే ఆ పనిలో సగం మునిగినట్టే. కంచెను ఎకరాల్లో కాదు, అడుగుల్లో లెక్కపెట్టాలి. నలుచదరంగా ఉన్న మూడెకరాల చుట్టుకొలత దాదాపు 1,446 అడుగులు. అదే మూడెకరాలు రోడ్డు పక్కన 198 అడుగుల ముఖంతో, లోపలికి 660 అడుగుల పొడవుతో పట్టీలా ఉంటే చుట్టుకొలత 1,716 అడుగులు. భూమి గుంట కూడా పెరగలేదు, మీ నెత్తిన మాత్రం 270 అడుగుల కంచె అదనంగా పడింది. అన్నదమ్ముల పంపకాల తర్వాత మన ఊళ్లలో మిగిలినవి ఎక్కువగా పట్టీలే. అందుకే ఫోన్లో ఒకే ఒక్క మాట చెప్పండి: "వచ్చి కొలిచాక చెప్తా."

నేను మేస్త్రీ దగ్గర గుంతలు తీస్తూ ఈ పనిలోకి వచ్చాను. తర్వాత సొంతంగా పట్టుకున్నాను. పొలాలకు ముళ్ల కంచె, ప్లాట్లకు జాలీ, ప్రీకాస్టు గోడ, గేట్లు, కూరగాయల పందిళ్లు... బయట చేసే పని ఏదైనా సరే. నాకు లాభం వచ్చిన పనులూ నష్టం వచ్చిన పనులూ వెనక్కి తిరిగి చూసుకుంటే, ఏది ఎటు పోతుందో మొదటి గుంత తీయకముందే తేలిపోయిందని ఇప్పుడు అర్థమవుతోంది. అందుకే ఇక్కడ తీగ కట్టడం గురించి తక్కువగా, కట్టకముందు చేయాల్సిన వాటి గురించి ఎక్కువగా చెప్తాను.

మొదటి ఏడాది కూలి గుత్తే

కొత్తగా దిగేవాళ్లు చేసే మొదటి పొరపాటు సామానుతో సహా పని ఒప్పుకోవడం. తీగ ధర నెలనెలా మారుతుంది. మీరు ఈ రోజు మాట ఇస్తారు, రైతు ముహూర్తం చూసుకుని నెలన్నరకు పిలుస్తాడు. ఈలోపు ధర పెరిగితే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. మొదటి ఏడాది సామాను రైతునే కొనుక్కోమనండి, మీరు దుకాణానికి వెంట వెళ్లి చూసి ఇప్పించండి. గుంత, కడీ (కంచెకు పాతే రాతి స్తంభం), తీగ, గేటు బిగింపు వరకు కూలి గుత్త మాట్లాడుకోండి. లాభం చిన్నదే, కానీ అప్పు పుట్టదు.

పనిముట్లకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. 100 అడుగుల టేపులు రెండు, లైను దారం, గడ్డపారలు, పారలు, తీగ లాగే పుల్లర్లు రెండు, కటింగ్ ప్లేయర్లు, సుత్తి, కడీ నిటారుగా ఉందో లేదో చూసే తూకపు గుండు, తోలు చేతిజోళ్లు. వీటితో పాటు కొక్కేనికి తగిలించి తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. అది ఎందుకో సామాను దగ్గర చెప్తాను. గుంతలు తీసే యంత్రం మాత్రం వెంటనే కొనొద్దు. ట్రాక్టరుకు తగిలించేది గుంతకు ఇంత అని అద్దెకు దొరుకుతుంది. ఏడాదిలో ఎన్ని రోజులు తెచ్చారో రాసిపెట్టుకున్నాక కొనే మాట ఆలోచించవచ్చు. అప్పటికి అప్పు కావాలనుకుంటే ముద్ర రుణం ఉంది: 50,000 రూపాయల లోపు శిశు, 5 లక్షల దాకా కిశోర్.

పొలం చుట్టూ నడక

వెళ్లేది పొద్దున్నే వెళ్లండి, రైతును వెంట నడిపించండి. ఒక్కరే కొలుచుకుని రావద్దు. నోటుబుక్కులో పొలం బొమ్మ గీసి, ఒక్కో మూల నుంచి ఇంకో మూలకు కొలత రాసి, రాసిన ప్రతి అంకెనూ ఆయనకు పైకి చదివి వినిపించండి. రేపు బిల్లు దగ్గర "అంత రాదే" అనే మాట పుట్టకుండా ఇక్కడే ఆపేసినట్టు.

కొలుస్తూనే కొన్ని చూసుకోవాలి. ముందు నేల. ప్రతి వంద అడుగులకూ ఒకచోట గడ్డపారతో నాలుగు పోట్లు పొడవండి. ఎర్ర నేల, మొరం, నల్లరేగడి, అడుగు లోతులోనే తగిలే బండ, ఏది ఎక్కడ ఉందో బొమ్మ మీదే గుర్తు పెట్టండి. ఒకే పొలంలో ఒక వైపు రోజుకు ముప్పై గుంతలు పడి, ఇంకో వైపు పది కూడా పడకపోవడం నేను చూశాను. బండ తగిలిన గుంతకు వేరే రేటు అని ముందే చెప్పకపోతే, తర్వాత అడిగినా ఎవరూ ఇవ్వరు.

రెండోది, నేలలో కనిపించనివి. బోరు దగ్గర్నుంచి స్టార్టర్ పెట్టె దాకా కేబులు ఎటు పోయింది? పైపులైను ఎక్కడ? డ్రిప్పు మెయిన్ పైపు గట్టు వెంటే ఉందా? ఇవి రైతుతోనే చూపించి, సున్నంతో గీత గీయించండి. ఒకసారి పైపు పగలగొట్టి, వరి నారుమడికి నీళ్లందక రెండు రోజులు తిట్లు తిన్నాను. పైపు ఖరీదు కంటే ఆ తిట్లే ఎక్కువ అనిపించింది. పైన కరెంటు తీగలు వేలాడుతుంటే అదీ రాసుకోండి. ఆ కింద తీగ చుట్ట విప్పేటప్పుడు ఎగిరి పైకి తగిలే ప్రమాదం ఉంది.

మూడోది, నీళ్లు పారే చోటు. వానాకాలంలో వాగు దాటే దగ్గర కడీలు పాతితే చెత్త కొట్టుకొచ్చి కంచెకు అడ్డుపడి, నీటి ఒత్తిడికి కంచె మొత్తం ఒరిగిపోతుంది. అక్కడ రెండు గట్ల మీద గట్టి కడీలు పాతి, మధ్యలో విడిగా ఊడదీసుకునే తీగ కట్టాలి.

నాలుగోది గేటు. రైతు ట్రాక్టరు మనసులో పెట్టుకుని 10 లేదా 12 అడుగులు చాలంటాడు. వరికోత మిషను ఎటు నుంచి వస్తుందని అడగండి. 16 అడుగులు పెట్టమనండి. 12 అడుగుల గేటు పెట్టిన ఒక పొలానికి కోతల నాడు వెళ్లి, నేను కట్టిన కంచెను నేనే విప్పి, మళ్లీ ఊరికే కట్టి వచ్చాను.

హద్దు తేలకుండా కడీ దించొద్దు

కంచె పని అంటేనే హద్దు పని. పక్క గట్టు రైతు ఎవరో తెలియకుండా పని పట్టుకోవద్దు. మొదటి రోజు దారం కట్టేటప్పుడు ఆయన అక్కడ నిలబడాలి. ఆయన రాకపోయినా, వచ్చి "ఇది నా గట్టు" అన్నా, ఆ వైపు వదిలేసి మిగతా మూడు వైపులు చేయండి. పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం ఉంటుంది గానీ, గట్టు ఎక్కడుందో ఉండదు. దానికి సర్వే కావాలి. మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే సర్వేయరు వచ్చి, టిప్పన్ లేదా ఎఫ్ఎంబీ (సర్వే కొలతలున్న పటం) చూసి హద్దు చూపిస్తాడు. ఆంధ్రలో అయితే గ్రామ సచివాలయంలో అడగండి. సర్వేయరు గుర్తు పెట్టిన రోజే మీరు కూడా ఉండి, ఆ గుర్తుల ఫోటోలు తీసుకోండి.

కొన్ని చోట్ల అసలు కంచె వేయనని చెప్పేయాలి: నక్షాలో (ఊరి సర్వే మ్యాపులో) ఉన్న బండ్ల బాట, డొంక, చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి), అడవి హద్దు. డబ్బు ఎక్కువిస్తామంటారు. రాత్రికి రాత్రే పాతెయ్యమంటారు. రాత్రిపూట కంచె వేయమని అడిగారంటే అందులో తగాదా ఉన్నట్టే లెక్క. పొద్దున పోలీసులు వచ్చినప్పుడు ఓనరు ఫోను స్విచ్ఛాఫ్ ఉంటుంది, గడ్డపారతో దొరికేది మన మనుషులు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ప్లాటు కొనుక్కున్నవాళ్ల పనులు ఇప్పుడు బాగా వస్తున్నాయి. మంచి పనులే, డబ్బు కూడా సమయానికి ఇస్తారు. కానీ ఇక్కడ చూసుకునే బావమరిది ఒక మాట, అక్కడి ఓనరు ఒక మాట చెప్తే మధ్యలో నలిగేది మీరే. ముగ్గురినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టండి. లొకేషను పడే ఫోటోలు మూలమూలకూ తీసి అందులోనే వేయండి. ఏ మార్పు చెప్పినా గ్రూపులో రాయమనండి, ఫోన్లో చెప్పిన మార్పు చేయకండి.

సామాను: కిలోల్లో కొని, అడుగుల్లో కడతాం

ఈ వ్యాపారం మొత్తంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. ముళ్ల తీగ కిలోల్లో అమ్ముతారు, కంచె అడుగుల్లో పడుతుంది. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. 12 గేజి తీగ మందం 2.64 మిల్లీమీటర్లు, 14 గేజి 2.03. ముళ్లు లేని ఒంటి తీగ చూస్తే 12 గేజిలో కిలోకు దాదాపు 23 మీటర్లు వస్తుంది, 14 గేజిలో 39 మీటర్లు. అంటే సన్న తీగ కొంటే బిల్లు తక్కువవుతుంది, కంచె కూడా తక్కువకాలమే ఉంటుంది. ముళ్ల తీగలో 12x12, 12x14 అని అడుగుతారు: మొదటిది అడ్డతీగ గేజి, రెండోది ముల్లు గేజి. ముళ్ల మధ్య ఎడం మూడంగుళాలా, నాలుగా, ఆరా అనేది కూడా అడగండి, ఎడం పెరిగితే ముళ్లు తగ్గుతాయి.

కాటా పని ఇక్కడే. దుకాణంలో 10 అడుగుల ముక్క కోయించి తూచండి. అది 320 గ్రాములు తూగిందనుకుందాం. మన పట్టీ పొలానికి 5 వరసలంటే 1,716ను 5తో గుణిస్తే 8,580 అడుగులు, అంటే దాదాపు 275 కిలోలు. తరుగుకు ఐదు శాతం కలిపితే 289. అదే దుకాణంలో "ఇదీ 12 గేజే" అని ఇచ్చిన ఇంకో తీగ ముక్క 250 గ్రాములే తూగితే, తరుగుతో కలిపి 225 కిలోలకే పని అయిపోతుంది. ధర కిలోకు ఒకటే అయినా రెండూ ఒక సరుకు కాదు. పక్క కాంట్రాక్టరు మీకంటే అడుగుకు తక్కువ చెప్తున్నాడంటే చాలాసార్లు గుట్టు ఇక్కడే ఉంటుంది. రైతు ముందే ఆ రెండు ముక్కలూ తూచి చూపించండి, బేరం అక్కడితో ఆగుతుంది.

క్రాసు తీగ, అంటే రెండు కడీల మధ్య గడిలో ఏటవాలుగా X లాగా కట్టేది, చాలామంది లెక్కలో మర్చిపోతారు. 8 అడుగుల ఎడం, 5 అడుగుల ఎత్తు ఉన్న గడిలో ఒక్కో ఏటవాలు తీగ దాదాపు 9.4 అడుగులు, రెండు కలిపి 19. ఆ గడిలో ఐదు వరసలకు పట్టేది 40. అంటే అన్ని గడులకూ క్రాసు కడితే తీగ దాదాపు సగం మేర పెరుగుతుంది. "క్రాసు కూడా కట్టెయ్ అన్నా" అని రైతు మధ్యలో నవ్వుతూ అడుగుతాడు. మీరు నవ్వకుండా లెక్క చూపించండి.

కడీల సంగతి. మా వైపు రాతి కడీలంటాం, కొందరు కనీలంటారు, అనంతపురం వైపు కూసాలు. రాయి బాగుంటే తరాలు నిలుస్తుంది. దించేటప్పుడు ఒక్కో కడీని సుత్తితో తట్టి వినండి: ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులు ఉంది, పక్కన పెట్టేయండి. దించేటప్పుడు విరిగినవి ఎవరి ఖాతా అన్నది లారీ రాకముందే తేల్చుకోవాలి. క్వారీలు దగ్గర్లో లేని కోనసీమ, కృష్ణా డెల్టా వైపు రాయికి కిరాయి తడిసి మోపెడవుతుంది, అక్కడ సిమెంటు పోళ్లే నయం. సముద్రపు గాలి తగిలే చోట జింకు పూత పలచని జీఐ తీగ తొందరగా తుప్పు పడుతుంది, పూత దళసరిగా ఉన్నది అడిగి కొనండి. ముళ్ల తీగకు ఐఎస్ 278, జాలీకి ఐఎస్ 2721 అన్నవి మన దేశపు ప్రమాణాలు. ఆ అంకెలు బిల్లు మీద రాయించండి.

రేటు కట్టడం

8 అడుగుల ఎడంలో 1,716 అడుగులకు 215 కడీలు, 10 అడుగులకైతే 172. మూలలకూ గేటుకూ ఆనుకునే సపోర్టులు వేరే. ఎడం పెంచితే రైతుకు 43 కడీలు మిగులుతాయి, తీగ మాత్రం తొందరగా వేలాడుతుంది. పశువులు ఆనుకునే చోట 8, మిగతా చోట 10 అని నేను చెప్తాను.

గుంత, పాతడం, తీగ వరసలు, గేటు, బండ గుంత, చెట్లు కొట్టడం, సామాను మోయడం: ఒక్కోదానికి విడిగా రేటు రాయండి. ట్రాక్టరు లోపలికి రాని పొలంలో 215 రాతి కడీలు భుజాల మీద మోయడం ఒక పని, దాన్ని పనిగా లెక్కించాలి. ఆ తర్వాతే అన్నీ కలిపి రన్నింగు అడుగుకు (కంచె పొడవులో ఒక్కో అడుగుకు) ఇంత అని చెప్పండి. మీ మనుషులు ఏ నేలలో రోజుకు ఎన్ని గుంతలు తీస్తారో పక్కూరి కాంట్రాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు. మీ నోటుబుక్కే చెప్పాలి. అందుకే మొదటి పని నుంచే రోజూ సాయంత్రం ఎన్ని గుంతలు, ఎంతమంది, ఏ నేల అని మూడు అంకెలు రాయండి.

కాలం కూడా రేటులో భాగమే. పంట నిలబడ్డ పొలంలోకి ఎవరూ రానివ్వరు. పని ఎక్కువగా దొరికేది సంక్రాంతి తర్వాత నుంచి మృగశిర దాకా. ఆ చివరి నెల అందరూ ఒకేసారి పిలుస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు నల్లరేగడిలో గడ్డపార దిగదు. ముందు రోజు సాయంత్రం గుంతల చోట నీళ్లు పోయించి, తెల్లారి ఐదింటికి మొదలుపెట్టి, పదకొండుకల్లా మనుషుల్ని నీడకు పంపేయండి.

పని వరస

మూల కడీలు ముందు. ఏడడుగుల కడీకి రెండడుగులు లోపల, నల్లరేగడిలో ఇంకో అర అడుగు. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుని కడీని కదుపుతూనే ఉంటుంది, అందుకే గుంత అడుగున, చుట్టూ మొరం దట్టించాలి. మూలలు, గేటు కడీలు, ప్రతి వంద అడుగులకు ఒక కడీ 1:2:4 కాంక్రీటులో (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) పెట్టండి. మూల కడీకి తీగ వచ్చే రెండు వైపులా ఏటవాలుగా సపోర్టు రాయి ఆనించండి. అది లేకపోతే తీగ లాగగానే మూల లోపలికి వంగుతుంది. మూల నుంచి మూలకు దారం కట్టి, మధ్య కడీలు ఆ దారానికి తాకీ తాకనట్టు నిలబెట్టండి.

కాంక్రీటుకు వారం టైము ఇవ్వండి, నీళ్లు పోయండి. ఈ వారంలో ఇంకో పొలంలో గుంతలు తీసుకోవచ్చు. తొందరపడి మూడోరోజే తీగ లాగిన మూలలన్నీ నేను మళ్లీ తవ్వాను.

తీగ కింది వరస నుంచి పైకి కట్టుకుంటూ పోండి. పందుల బెడద ఉన్న చోట కింది వరస నేలకు అడుగు లోపే ఉండాలి. కోతులకు మాత్రం ముళ్ల కంచె పనికిరాదని ముందే చెప్పండి, వాటికది ఊయల. పుల్లరుతో లాగేటప్పుడు తీగకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, తెగితే ముఖం మీదికి వస్తుంది. చేతిజోళ్లు చెమటకు చికాకని తీసేస్తారు. గట్టిగా చెప్పాల్సింది మీరే. మనుషులందరికీ ధనుర్వాతం రాకుండా ఇంజక్షను వేయించండి. బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరితో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి: ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. నేను నా వాళ్లకు నేనే కడతాను.

"తీగకు కరెంటు పెట్టగలవా?"

అడుగుతారు, పందులతో విసిగిపోయిన రైతు తప్పకుండా అడుగుతాడు. మోటారు లైను నుంచి కంచెకు కరెంటు ఇవ్వడం నేరం, మనుషులు పోతారు. ఇలాంటి తీగ తగిలి సొంత ఇంటివాళ్లే చనిపోయిన వార్తలు మన పేపర్లలో వానాకాలం వస్తే కనిపిస్తూనే ఉంటాయి. అడవి జంతువు చస్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు. సర్దిచెప్పకండి, ఆ పనే చేయనని చెప్పండి.

దానికి బదులు సోలారు కంచె చూపించండి. అందులో ఎనర్జైజరు అనే పెట్టె బ్యాటరీ నుంచి తీసుకుని సెకనుకోసారి, రెప్పపాటు కూడా ఉండని షాకు పంపుతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది గానీ చావదు. పెట్టె ప్రమాణాలకు సరిపోయే కంపెనీదే కొనాలి. ఎర్తింగు కడ్డీలు తడి ఉండే చోట లోతుగా దించాలి. గడ్డి పెరిగి తీగకు తగిలితే షాకు నేలలోకి దిగిపోతుంది కాబట్టి, గడ్డి కోసే బాధ్యత రైతుదని కాగితం మీద రాయండి. హెచ్చరిక బోర్డులు మీరే కట్టి రండి.

కాగితాలు, డబ్బు

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, చేయిస్తామని డబ్బు అడిగేవాళ్లకు ఇవ్వకండి. ఇలాంటి గుత్త పనులకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. సామానుతో కలిపి లక్షన్నర చొప్పున 14 పనులు చేస్తే దాటేస్తారు. కూలి గుత్త మాత్రమే చేస్తే అంత తొందరగా దాటరు. వెంచర్లు, కంపెనీల పని చేస్తే బిల్లులో ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు, వదులుకోవద్దు.

ఒప్పందం ఒక్క పేజీ చాలు. కొలత, కడీల ఎడం, తీగ గేజి, వరసలు, గేటు సైజు, బండ గుంత రేటు, డబ్బు ఎప్పుడెప్పుడు, ఇద్దరి సంతకాలు. బయానా లేకుండా మనుషుల్ని దించొద్దు. నేను బయానా కాక మూడు దఫాలుగా తీసుకుంటాను: కడీలు పాతాక, తీగ పూర్తయ్యాక, గేటు బిగించాక. గేటును కావాలనే చివరికి ఉంచుతాను. గేటు పడందే కంచె పనికిరాదు కాబట్టి, అప్పటిదాకా రావాల్సిన డబ్బు ఎవరూ ఆపరు. "పంట అమ్మినాక ఇస్తా" అన్నవాళ్లలో ఇచ్చినవాళ్లే ఎక్కువ, అయినా ఆ మాట మీద కూలీల వారపు చెల్లింపులు నడవవు. వారం కూలి డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచుకోండి.

కంచె పనులు తగ్గిన నెలల్లో అదే మనుషులతో, అదే పనిముట్లతో పందిళ్లు వేయొచ్చు. దొండ, కాకర, బీర పందిళ్లకు కావాల్సింది కడీలూ తీగలే. డ్రాగన్ ఫ్రూట్ తోటకు ఎకరాకు 400 నుంచి 500 పోళ్లు పడతాయి, అంటే మూడెకరాల కంచె కంటే ఒక్క ఎకరం తోటలోనే గుంతలు ఎక్కువ.

పని అయ్యాక మొదటి పెద్ద వాన పడిన వారానికి పుల్లరు తీసుకుని మళ్లీ పొలానికి వెళ్లండి. ఒరిగిన కడీలకు మట్టి తొక్కి, వదులైన వరసలు ఒక్కసారి లాగి కట్టండి. పూటంతా కూడా పట్టదు, దానికి డబ్బు అడగకండి. పక్క గట్టు మీద నిలబడి చూస్తున్న రైతు ఆ రోజే అడుగుతాడు: "మా వైపు ఎంతవుతుంది?" టేపు బండి మీదే ఉంటుంది కదా, దిగి కొలవండి.